వీధియాటలు – దేశ క్రీడాచరిత్రము

రాజుల దిగ్విజయములు శిలాశాసనముల కెక్కినవి. బ్రాహ్మణులకును దేవళములకును ఇచ్చిన మాన్యములు రాగిరేకుల కెక్కినవి. పిల్లలాడిన యాటలు మాత్రము మట్టిలో గీయబడి మట్టిలోనే కలసిపోయినవి. అందువలన ఒక దేశము ఆటలలో ఏల ముందునకు వచ్చినది, మరియొకటి ఏల వెనుకబడినది అని విచారించువారు క్రీడామైదానముల లెక్కయు, పతకముల లెక్కయు చూచుకొని తృప్తి చెందుచున్నారు. ఆ మైదానములోనికి వచ్చిన బాలుడు అంతకుముందు పదియేండ్లు ఎక్కడ ఆడినాడు, ఎవరితో ఆడినాడు, వానికి తగవు తీర్చినవా రెవరు అని అడుగువారు తక్కువ.

ఈ విచారణకు పాలకుర్తి తగిన చోటు. పాల్కురికి సోమనాథుడు శివభక్తుల చరిత్రలు చెప్పబూనినవాడు. ఐనను ఆయన ద్విపదలలో భక్తితోపాటు లోకమంతయు నడచివచ్చినది. వాద్యములు, వస్త్రములు, వంటకములు, జాతరలో జనుల నడవడి, వీనితోపాటు పిల్లల యాటలును పేరుపేరున చేరినవి. పట్టికలు వచ్చినచోట పుటలు త్రిప్పివేయు పాఠకులు ఉన్నారు. వారు త్రిప్పివేసిన పుటలలోనే కాకతీయుల నాటి వీధి యున్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’ వెలువరించినపుడు రాజవంశముల వరుసను ప్రక్కకునెట్టి ఇట్టి కావ్యములనుండియే జనుల తిండి, బట్ట, ఆట, పాట ఏరుకొనిరి. ఆ గ్రంథమునకే, వారు గతించిన పిమ్మట, 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగునకు మొట్టమొదటి బహుమానము నిచ్చినది. అచ్చనగండ్లు, ఓమనగుంటలు, గుజ్జెనగూళ్ళు, దాగుడుమూతలు – సోమనాథాదుల కావ్యములలో కనబడు ఇట్టి పేర్లలో పెక్కింటిని నేటి ముసలమ్మలు కొంచెము మార్చి పలుకుదురు గాని మరువలేదు. రాజ్యములు మారినవి, రాజభాషలు మారినవి, నాణెములు మారినవి. ఓమనగుంటలు వామనగుంతలైనవి, అంతకుమించి మార్పు కలుగలేదు.

ఈ యాటలను నిలిపిన దెవరు? ఏ పాఠశాలయు కాదు, ఏ ప్రభుత్వమును కాదు. ఎనిమిదేండ్ల వాడు ఆరేండ్ల వానికి నేర్పినాడు. వాడు పెరిగి మరియొకనికి నేర్పినాడు. పెద్దలు నేర్పిన విద్యలలో ఎన్నియో నశించినవి కాని, పిల్లలు పిల్లలకు నేర్పినది ఏడువందల యేండ్లు నిలిచినది.

చిర్రగోనె సంగతి చూడుడు. కోస్తావారు దీనిని బిళ్ళంగోడు అందురు, ఉత్తరాదివారు గిల్లీదండా అందురు. మహాభారతమున ద్రోణుడు మొదట హస్తినకు వచ్చినపుడు కురుకుమారులు ఆడుకొనుచుండిరి. వారి యాటవస్తువు బావిలో పడినది. ద్రోణుడు గడ్డిపోచలను ఒకదాని వెనుక నొకటి గ్రుచ్చి దానిని పైకి తీసినాడు. మన నన్నయభట్టు దానిని బంగారు బంతిగా చెప్పెను. సంస్కృత మూలమున నున్న మాట ‘వీటా’. వ్యాఖ్యాత నీలకంఠుడు దానికి యవగింజ ఆకారముగల జానెడు కొయ్యముక్క యనియు, దానిని మూరెడు కఱ్ఱతో పిల్లలు ఎగురగొట్టుదు రనియు అర్థము వ్రాసెను. రెండుకొనలు చెక్కిన మన చిర్రకు ఇంతకంటె చక్కని వర్ణన లేదు. ఆచార్యుని ఆయుధవిద్య రాజసభలో గాక పిల్లలాడు చోట మొదట వెల్లడియైనది. ఆయనను భీష్మునియొద్దకు చేర్చినదియు ఆ పిల్లలు ఇంటికి పరుగెత్తి చెప్పిన మాటయే.

చిర్రగోనె ఆడుటకు కావలసినది చిన్న గుంట, ఒక చిర్ర, ఒక గోనె. గుంటపై అడ్డముగా చిర్రను పెట్టి గోనెతో లేవనెత్తి విసరుదురు. ఎదుటివారు గాలిలో పట్టిరా, ఆడువాడు పోయినట్లే. పట్టలేకపోయిరా, పడినచోటినుండి గుంటమీద నుంచిన గోనెకు గురిచూచి విసరవలెను. గురి తప్పినచో ఆడువాడు చిర్ర కొనపై తట్టి, అది పైకి లేచినపుడు కొట్టును. అది పడిన దూరమును గోనెతో కొలుతురు. కొన్ని యూళ్ళలో ఓడినవాడు ఆ దూరమంతయు ఊపిరి తెగకుండ కూత పెట్టుచు పరుగెత్తి రావలెను. ఇందు కంటిచూపు, మణికట్టు, గురి, పరుగు, ఊపిరి అన్నియు వచ్చినవి. దూరమును కంటితోనే అంచనా కట్టి ‘ఇన్ని గోనెలు’ అని అడుగుటయు ఆటలో భాగమే; ఎక్కువ అడిగి కొలతలో తేలకపోయిన యెడల ఆట పోవును. పొలము కొలతలో అతిగా ఆశపడి చేతిలోనిది పోగొట్టుకొన్న పెద్దలు చిన్ననాడు ఈ నియమమును సరిగా పాటించియుండరు.

ఈ యాటకు మధ్యవర్తి లేడు. చిర్ర నేల తాకిన తరువాత పట్టినాడా, ముందు పట్టినాడా అను తగవు ప్రతిదినము వచ్చును. గంటసేపు కేకలు వేసికొందురు. కాని ఎవడును ఇంటికి పోడు, పోయిన ఆట ఆగును. తగవు తెగినగాని ఆట సాగదు గనుక తగవు తెంచుకొనుట నేర్చుకొందురు. నియమమును ఎవడో పైనుండి విధించుట వేరు, అది లేనిదే తమ యాట సాగదని తామే తెలిసికొనుట వేరు. మైదానమున మధ్యవర్తి యూదు ఈలకు లోబడువాడు శిక్ష యున్నది గనుక లోబడును. వీధిలో పెరిగినవాడు ఈల లేనిచోట గూడ ఆటను నిలుపగలడు. క్రీడాసంస్కృతి యను పెద్దమాటకు అర్థము ఇందే వెదుకవలెను.

దీనికి మన పొరుగు బమ్మెరనుండియే సాక్ష్యము తీసికొనవచ్చును. పోతన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా యను వాదము నిక్కడ పెంచ బనిలేదు. ఆయన తెనిగించిన భాగవత దశమస్కంధమున ప్రలంబాసురుని కథ కలదు. గోపబాలురు రెండు జట్లైరి. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయవలెనని పందెము. శ్రీకృష్ణుని జట్టు ఓడినది. కృష్ణుడు శ్రీదాముని మోసెను. రాక్షసుడు బలరాముని మోసికొనిపోయి చచ్చిన సంగతినే పౌరాణికులు సాగదీసి చెప్పుదురు. అంతకుముందు జరిగినది అంతకంటె గొప్పది. లోకములన్నిటిని కడుపున దాచుకొన్నవాడు పందెము ఓడి, ఒక గొల్లపిల్లవానిని వీపున ఎక్కించుకొనెను. తాను నందుని కొడుకునని తప్పించుకొనలేదు. శ్రీదాముడును భయపడి దిగలేదు. మారువేషమున వచ్చిన రాక్షసుడు సైతము మోయువాడుగానే ఆటలో చేరవలసివచ్చెను. మోయవలసిన హద్దు దాటి పోవుటతోనే వాడు పట్టుబడినాడు.

వీధిలో పుట్టిన ఆట దేశాంతరములకు పోయినదన్న, అది చెడుగుడు. మహారాష్ట్రులు హుతుతు అనిరి, వంగదేశీయులు హాడుడు అనిరి, తమిళులు సడుగుడు అనిరి. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పద్ధతి. ఊరి పిల్లలకు తమ పద్ధతి చాలును. రెండు రాష్ట్రముల పిల్లలు ఎదురుపడినప్పుడే చిక్కు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మహారాష్ట్ర వ్యాయామాభిమానులు గీతలకు కొలతలు, జట్టునకు సంఖ్య, ఆటకు కాలము ఏర్పరచి నియమములు వ్రాసిరి. 1936లో బెర్లిన్ ఒలింపిక్ ఉత్సవముల సందర్భమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని విదేశీయుల యెదుట ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత సమాఖ్య ఏర్పడెను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముగల ఆట యయ్యెను. స్వర్ణము భారతమునకే వచ్చెను. పిదప వరుసగా ప్రతి ఆసియా క్రీడలలోను మనవారే గెలిచిరి, 2018లో జకార్తాలో ఇరాన్ జట్టు ఉపాంత్యపోటీలో మనలను ఓడించువరకు. ఆ ఏడే స్త్రీల తుదిపోటీలో గూడ ఇరానీయులే గెలిచిరి. వారికి శిక్షణ యిచ్చినది మన దేశపు మహిళయే, నాసిక్ నగరవాసిని శైలజా జైన్. మల్లయుద్ధమును ఇంటింటి ఆటగా పెంచుకొన్న దేశము ఇరాన్. పట్టు పట్టుట వారి పిల్లలకు క్రొత్త కాదు. మన ఆటను వారు నేర్చిరనుటకంటె, తమ యాటను మన గీతల నడుమ ఆడిరనుట సరిగా నుండును. హాంగ్‌ఝౌ నగరమున 2023లో జరిగిన క్రీడలలో భారత స్త్రీపురుష జట్లు రెండును స్వర్ణములను తిరిగి గెలుచుకొన్నవి.

చెడుగుడునకు గీతలు గీచి నియమములు వ్రాసినవా రుండిరి గనుక అది ఇంత దూరము పోయినది. చిర్రగోనెకు అట్టివారు దొరకలేదు. బొంగరమునకు దొరకలేదు. ఈ లోపము ఆటలది కాదు.

తెలంగాణమున ఈ కథకు మరియొక మలుపు కలదు. నిజాం పాలనలో సభ పెట్టవలెనన్న అనుమతి, ప్రైవేటు పాఠశాల తెరవవలెనన్న అనుమతి. అఖాడాల మీద, అనగా వ్యాయామశాలల మీద గూడ ఆంక్షలు ఉండెను. 1938-39 ఆర్యసమాజ సత్యాగ్రహ కాలమున వినిపించిన ఫిర్యాదులలో ఇదియు ఒకటి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, తెలుగుపుస్తకము పట్టినవాడు సర్కారు కంటబడుచునే యుండెను. చదువుటకు చాటు, దేహము పెంచుటకు అనుమతి! వీధిలో పిల్లలాడు చెడుగుడునకు మాత్రము దరఖాస్తు అక్కరలేదు. నాలుగుదిక్కుల గీత గీచిన చాలును. దేశపు వ్యాయామశాలలకు తాళము పడిన నాళ్ళలో వీధియే అఖాడా అయ్యెను.

జొన్నచేలలో పిట్టలను తోలుటకు పిల్లలు మంచెలెక్కి వడిసెల త్రిప్పుదురు. పని వారిది, ఆటయు వారిదే. ఏ కొమ్మకు ఎవని రాయి తగిలినదో ప్రొద్దుగూకువరకు పందెములే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుచేసిన పొలపు పంటను దొర మనుషులు కోసికొనిపోవ వచ్చినపుడు సంఘమువారు అడ్డుపడి ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేల కొరిగెను. ఆ పోరాట కాలమున పల్లెజనుల చేతిలో నున్న ఆయుధములు గుతపలు, వడిసెలలు. గురి నేర్పుటకు గురువు రాలేదు, పిట్టలే నేర్పినవి. ఇది క్రీడాచరిత్ర కాదనువా రుందురు. చిన్ననాడు ఆటగా అబ్బిన నేర్పు పెద్దనాటికి ఎటు తిరుగునో ముందుగా ఎవరును చెప్పలేరనుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము ఈ తాలూకాలో లేదు.

హైదరాబాదు నగరమున వీధిబంతి చరిత్ర మరింత స్పష్టము. పాదరక్షలు లేని పిల్లలు బస్తీలలో, ఖాళీస్థలములలో ఫుట్‌బాల్ ఆడిరి. బడిపంతులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిరి. ఆ జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకొనెను. రహీంగారు పిల్లలకు వింత పోటీలు పెట్టిరి: ఒకదానిలో బంతిని కాలితో నడిపించుకొనిపోరాదు, వెంటనే తోడివానికి అందించవలెను, మరియొకదానిలో వాటము కాని కాలితోనే తన్నవలెను. వీధిలో బంతి చేజిక్కినవాడు విడువడు. ఇరుకుసందున నలుగురిని తప్పించుకొనిపోవుటయే వాని గొప్ప. ఆ గొప్పను చెడగొట్టక, దానికి లేనిదానిని చేర్చుట రహీంగారి నేర్పు. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ నీడలో పెరిగినవాడే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు నాలుగవ స్థానమున నిలిచెను; అందు హైదరాబాదువారు పలువురు. 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము వచ్చెను. జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి వచ్చిన మరుసటి యేడే, 1963లో, రహీంగారు కాన్సరు వ్యాధితో గతించిరి. అంతటి స్థానము భారత ఫుట్‌బాలునకు మరల దక్కలేదు. బస్తీలలో పిల్లలు ఆ తరువాతను ఆడుచునే యుండిరి. వీధి యున్నది, వీధినుండి మైదానమునకు చేయిపట్టి నడిపించు పంతులు లేడు.

వీధిని మరీ పొగడరాదు. వట్టికాలి నేర్పు ఎంతవరకు వచ్చునో 1948, 1952 ఒలింపిక్సులు చూపినవి. లండనులో మనవారిలో పెక్కుమంది బూట్లు లేక ఆడి ఫ్రాన్సుతో 2-1గా ఓడిరి; రెండు పెనాల్టీలు వృథాచేసిరి. చూచినవారు మెచ్చుకొనిరి. నాలుగేండ్లకు హెల్సింకి చలిలో యుగోస్లావియా మనకు 10-1 పాఠము చెప్పెను. పిమ్మట బూట్లు తప్పనిసరి యైనవి.

ఇతర దేశములలోను ఇంతే. ఆస్ట్రేలియాలో బౌరల్ అను చిన్నయూర బ్రాడ్మన్ బాలుడుగా నున్నపుడు ఇంటివెనుక నీటితొట్టి దిమ్మెకు గోల్ఫుబంతిని విసరి, అది తిరిగివచ్చునప్పుడు క్రికెట్టు స్టంపుతో కొట్టుచుండెను. బంతి చిన్నది, కఱ్ఱ సన్ననిది, దిమ్మె గుండ్రనిది; బంతి ఎటు వచ్చునో తెలియదు. మన చిర్రగోనె యాడువాడు వెంటనే గ్రహించు విద్య యిది. బ్రెజిల్ దేశపు పేలే మేజోడులో కాగితములు కుక్కి బంతి చేసికొనెను. హైదరాబాదున ఆటోరిక్షా నడిపినవాని కుమారుడు మహమ్మద్ సిరాజ్ టెన్నిసుబంతితో బౌలింగు నేర్చి, 2020 డిసెంబరులో మెల్బోర్నులో భారతదేశము పక్షమున తొలి టెస్టు ఆడెను. వరంగల్లున పేరుపొందిన జె. పిచ్చయ్యగారికి 1970లో బాల్ బాడ్మింటనునకు మొట్టమొదటి అర్జున పురస్కారము వచ్చెను. పసుపుపచ్చ ఉన్నిబంతి, రెండు గుంజలు, ఒక వల యున్న చాలునను ఆట యది. ఒకప్పుడు తెలుగునాట పెరడు పెరడున ఆడిన ఆ యాటకు నేడు పిల్లలు కరవైరి.

ఇంతవరకు చెప్పిన పేర్లలో లేనివారిని గూర్చి చెప్పనిదే ఈ చరిత్ర సరిపడదు. వీధి అందరిది కాదు. ఊరు వేరు, వాడ వేరు. చెడుగుడు విచిత్రమైన యాట: అంటుకొననిదే ఆట లేదు, పట్టుకొననిదే గెలుపు లేదు. అంటరానితనము పాటించినచోట ఊరి పిల్లలకును వాడ పిల్లలకును నడుమ ఈ ఆట ఎట్లు సాగును? వాడలో వారు, ఊరిలో వీరు. పసులను కాచు జీతగాండ్ర పిల్లలకు వీధియే లేదు. చెరువుకట్ట క్రింద పసులు మేయునంతసేపే వారి ఆట. రాజ్యాంగము 1950లో అంటరానితనమును రద్దుచేసెను. మధ్యాహ్నపు విరామమున గీత గీయగా ఇరువైపుల పిల్లలను కలిపి నిలబెట్టినది ఊరిబడి ఆవరణము. ఒకే గీతకు రెండువైపుల నిలువనీయని దేశము తన పిల్లలలో ఎందరిని ఎన్నడును చూడకయే పోగొట్టుకొనెనో ఏ పతకపు పట్టికయు చెప్పదు.

ఆడపిల్లల సంగతియు ఇట్టిదే. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి నిలుకడ, అచ్చనగండ్లలో చేతివేగము వారికి సహజముగా అబ్బినవి. కాని వీధి వారికి పది పన్నెండేండ్ల వరకే. పిమ్మట పెండ్లి, లేదా గడపలోపల పని. మగపిల్లవాడు ఆట ముదురు వయసున ఆమె ఆట మానవలసివచ్చెను. ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ 1990లో చేరెను, స్త్రీల కబడ్డీ 2010లో గ్వాంగ్‌ఝౌ క్రీడలలో చేరెను. ఇరువదియేండ్ల ఆలస్యము! చేరిన తొలియేడే భారత స్త్రీలు స్వర్ణము గెలిచిరి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచపోటీలోను మన పురుషులతోపాటు స్త్రీలును గెలిచిరి. రెండు తుదిపోటీలలోను ఎదిరి నేపాలే.

ఇటీవల 2022లో తెలంగాణ ప్రభుత్వము ఊరూర క్రీడాప్రాంగణములు ఏర్పరచ బూనెను. సర్కారు భూమి యెచట దొరకిన నచట స్థలము చూపవలసివచ్చినది గనుక కొన్ని యూళ్ళలో అవి ఇండ్లకు ఎడమైనవి. ఏడేండ్ల పిల్లవాడు ఆటకొరకు అంతదూరము పోడు. తల్లి పిలుపు వినబడునంత దూరమే వాని మైదానము. ఆ పిలుపు వినబడు వీధిలో ఇప్పుడు మోటారుసైకిళ్ళు, ట్రాక్టర్లు పోవుచున్నవి. నేల సిమెంటు అయ్యెను. సిమెంటులో చిర్రకు గుంట త్రవ్వరాదు. గోటీలకు గుంట లేదు. చెడుగుడులో పడిన మోకాలు చిట్లును. ఒక్క తొక్కుడుబిళ్ళకు మాత్రము మేలు జరిగినది: మట్టిలో గీసిన గీత పూటకే చెరిగెడిది, సిమెంటు బాటపై బడిసుద్దతో గీసిన గళ్ళు వాన వచ్చువరకు నిలుచుచున్నవి.